ప్రతి టపా కింద ఒక నవ్వు బొమ్మ

పారిస్ బతుకు గురించి నేను రాసే ఈ బ్లాగుకు ఈ రోజుతో ఏడాది నిండింది. సెలవుకు పుదుచ్చేరి వచ్చాను కదా, సాయంత్రం నెల్లితోపులో చిన్నమ్మ ఇంట్లో, ఆమె కంప్యూటర్‌లోనే పాత టపాలు తిరగేస్తూ కూర్చున్నాను. పేరు చెప్పకుండా ప్రతి టపా కింద నవ్వు బొమ్మ పెట్టే మనిషి మీకు గుర్తున్నారా? మంచులో జారిపడి చెయ్యి విరిగిందని, ఇంట్లో కూడా చెప్పని సంగతి ఇక్కడ రాస్తే, దాని కిందా నవ్వే! ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ బొమ్మలన్నీ నేను పెట్టినవే," అంది చిన్నమ్మ కాఫీ ఇస్తూ.

"ఏంది చిన్నమ్మా, నా చెయ్యి ఇరిగితే నవ్వినావా?"

"చెయ్యి ఇరిగిందా? ఎప్పుడు?" ఆమె ముఖం పాలిపోయింది. "నాకు తెలుగు సదవను యాడొచ్చు? నేను సదివింది తమిళ బడిలో గదా. కొత్తది కనపడితే, పిల్ల బాగుండాది, కూసోని రాస్తా ఉండాది అనుకుంటా. ఆ సంతోషానికి పెడతా."

ఒక్క ముక్క చదవలేదు, ఒక్క టపా వదల్లేదు! మీలో ఇలాంటి పాఠకులు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇది ఒంటి చేత్తో టైపు చేస్తున్నాను. ఎప్పుడో అతుక్కున్న రెండో చేతికి చిన్నమ్మ ఇప్పుడు నూనె రాస్తోంది.