సగం దించిన షట్టర్

2005 జనవరిలో నన్ను పరిశ్రమల శాఖ ప్రోత్సాహక అధికారిగా అనకాపల్లికి వేశారు. హోదా పేరు పొడుగే గానీ, చిన్న దుకాణాలు, వర్క్‌షాపులు నడుపుకొనేవాళ్లకు శిక్షణ ఇవ్వడం, వాళ్ల యూనిట్లు చూసి నివేదిక రాయడం నా పని. యూనిట్ అంటే మా భాషలో పనిచేసే చోటు. అది అరుగు మీద కుట్టుమిషను కావచ్చు, పెద్ద షెడ్డు కావచ్చు. ఫిబ్రవరిలో పద్దెనిమిది మందితో ఆరు వారాల తరగతి మొదలుపెట్టాను. విషయం సమయపాలన.

ఇందులో నేను దిట్టనని నాకు గట్టి నమ్మకం. స్వయంగా ఒక ఫారం తయారుచేశాను. ఏడు రోజులకు ఏడు నిలువు వరసలు, అరగంటకొక గడి. అడుగున ‘వృథా అయిన సమయం, అందుకు కారణం’ అని వెడల్పాటి గడి ఒకటి. అది నా సొంత ఆలోచన అని ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ని. నా బల్ల మీద మాత్రం ఫైళ్లు పేరుకుపోయి ఉండేవి. మధ్యాహ్నం భోజనం మూడింటికి దొరికితే ఆ రోజు నా అదృష్టం.

తరగతిలో జాన్‌బాబు అని ఒకాయన ఉండేవాడు. సబ్బవరం వెళ్లే దారిలో లేతు షాపు. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ పదునైన టూలుతో కావలసిన కొలతకు చెక్కే యంత్రం లేతు. చెరకు గానుగల ఇరుసులు అరిగిపోతే చుట్టుపక్కల రైతులంతా అతని దగ్గరికే వచ్చేవాళ్లు. సీజన్లో క్షణం తీరిక ఉండకూడని మనిషి. అలాంటిది ఒంటిగంటకల్లా ఇంట్లో భార్యతో కూర్చుని అన్నం తినేవాడు, ఆరింటికి షాపు కట్టేసేవాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడేవాడు. చేతికి వాచీ కూడా లేదు.

అతని కిటుకంతా షట్టర్‌లో ఉంది. పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా షట్టర్ సగానికి దించి ఉంచేవాడు. సగం దించి ఉంటే అతను మెషీను మీద ఉన్నట్టు, ఎవరూ పలకరించకూడదు. పూర్తిగా ఎత్తితే ఎంతసేపైనా మాట్లాడవచ్చు. ఊళ్లో అందరికీ ఇది తెలుసు. ఎంత తొందరలో ఉన్నవాడైనా బయట బల్ల మీద కూర్చునేవాడే.

నా ఫారం మాత్రం నింపేవాడు కాదు. నాలుగో వారం గట్టిగా అడిగితే, “అది రాసే టైముకి ఒక ఇరుసు బుష్షు తిప్పేత్తాను సార్” అన్నాడు. తరగతి గొల్లుమంది. తరగతి అయ్యాక అందరూ ఎదుటి టీకొట్టు దగ్గర అతని చుట్టూ చేరేవారు. ఒకరోజు ప్రింటింగ్ ప్రెస్ ఆయన నాకు టీ అందిస్తూ మరీ చెప్పాడు: “మీ పేపరు బాగుంది సార్, కాదన్ను. కానీ జాను బావ పద్ధతి సులువు. నేనూ షట్టరు దించేత్తన్నాను.”

నాకు కడుపు మండిపోయింది. పాతికేళ్ల సర్వీసు, ఇన్ని కాగితాలు, ఇంత ఉపన్యాసం, చివరికి ఒక రేకు తలుపు నన్ను ఓడించిందా! అసూయ అనే మాట రాయడానికి ఇప్పుడు నాకు మొహమాటం లేదు. అప్పట్లో దానికి ‘క్షేత్ర పర్యవేక్షణ’ అని పేరు పెట్టుకున్నాను.

నిబంధన ప్రకారం ప్రతి యూనిట్‌నూ ఒకసారి చూసి, యజమాని సంతకం తీసుకోవాలి. ఏ వేళకు వెళ్లాలో నిబంధనలో లేదు. నేను శనివారం పదకొండు గంటలు ఎంచుకున్నాను. రెండింటికి వెళ్లవచ్చని నాకు తెలుసు. తెలిసే పదకొండుకు వెళ్లాను. నా కోసం ఆ షట్టర్ లేస్తుందో లేదో చూద్దామని!

బయట బల్ల మీద ఉప్మాక వైపు నుంచి వచ్చిన అప్పలనాయుడు అనే రైతు కూర్చుని ఉన్నాడు. లోపల తయారవుతున్నది అతని గానుగ ఇరుసే. నన్ను చూసి పక్కకు జరిగాడు.

“సగం ఏసున్నాది బాబూ. ఒంటిగంటకి లేపుతాడు. కూకోండి.”

నేను ప్రభుత్వం పని మీద వచ్చానని చెప్పి, నడుం వంచి షట్టర్ కిందనుంచి దూరాను. జాన్‌బాబు బేరింగు కూర్చునే చోట చివరి కోత వేస్తున్నాడు. ఆ కోతలో టూలు దానంతటదే ముందుకు జరుగుతుంది. అంచు దాకా వచ్చేసరికి మీట లాగి ఆపాలి. అతని చెయ్యి ఆ మీట మీదే ఉంది. నేను వెనక నుంచి గట్టిగా, “ఏం జాన్‌బాబూ” అన్నాను.

అతను తుళ్లిపడి తిరిగాడు. ఆఫీసరు వస్తే మనవాళ్లు ఎవరైనా చేసే పనే చేశాడు. మీట వదిలి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. టూలు వెళ్లి అంచులో దిగబడింది. మోటారు ఆపేసరికి ఇరుసుకు వేలు పట్టేంత గాడి పడింది.

చప్పుడుకు అప్పలనాయుడు లోపలికి వచ్చాడు. “ఏటైంది బావా?”

“పొరపాటైపోయింది బావా. నాదే.”

“సెరుకు కొట్టేసేను బావా! రెండు బళ్లు గానుగ కాడ పడున్నాయి. సోమోరం దాకా ఆగితే రసం సచ్చిపోద్ది. నా ఏడాది కష్టం!”

గాడిని వెల్డింగుతో పూడ్చి, నిదానంగా చల్లారనిచ్చి, మొదటినుంచీ మళ్లీ చెక్కాలి. జాన్‌బాబు ఇరుసును వేలితో తడిమి, “రేపు సాయంత్రానికి ఇత్తాను” అన్నాడు.

“రేపు ఆదోరం కదా. సర్చికెళ్లవా?”

“ఇత్తానన్నాను కదా బావా.”

తప్పు నాదని చెప్పడానికి అదే సమయం. ఇద్దరూ నా ఎదుటే ఉన్నారు. నేను ఫైలు తెరిచి, తనిఖీ కాగితం మీద సంతకం పెట్టమన్నాను. అతను చేతులు గుడ్డకు తుడుచుకుని పెట్టాడు.

ఇరుసు ఆదివారం సాయంత్రానికి అందింది, చెరకు దక్కింది. ఆ సంగతి నేను అడిగి తెలుసుకోలేదు, టీకొట్టు దగ్గర మాటల్లో చెవిన పడింది. చివరి తరగతిలో జాన్‌బాబు మొదటిసారి నా ఫారం నింపి తెచ్చాడు. పెన్సిలుతో, పొందికైన అక్షరాలు. శుక్రవారం దాకా గడులన్నీ ‘మెషీను’, ‘మాటలు’, ‘బోజనం’. శనివారం పదకొండు గంటల గడిలో ‘ఆఫీసరు గారు వచ్చేరు’. అక్కడినుంచి వరసగా ‘అదే ఇరుసు’, ‘అదే ఇరుసు’. ఆదివారం ప్రార్థన వేళ గడుల్లోనూ ‘అదే ఇరుసు’. అడుగున వృథా సమయానికి కారణం రాయవలసిన గడి మాత్రం ఖాళీగా వదిలేశాడు.

దాన్ని ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని నేనే నింపాను. నా పేరు, హోదా రాశాను. కానీ పై ఆఫీసుకు పద్దెనిమిది కాగితాలు వెళ్లవలసిన చోట పదిహేడే పంపాను. ఒకరు ఫారం ఇవ్వలేదని నివేదికలో రాశాను.

ఆ తరువాత రిటైరయ్యేదాకా, యూనిట్‌కు వెళ్లే వేళ యజమానినే అడిగి పెట్టుకున్నాను. చిన్న వ్యాపారి రోజును అతని బద్ధకం కంటే ఎక్కువగా తినేసేది, అతను కాదనలేని మనిషి. ఇది నా పాఠాల్లో లేదు, నా ఫారంలో బయటపడింది. జాన్‌బాబు అంటే నాకు ఇప్పటికీ కాస్త కుళ్లే. భోజనం ఇప్పటికీ మూడింటికే.