పెద్ద యారాలి పురుగుల షెడ్డు

మా పెద్ద యారాలు పోయిన బుధవారం పొద్దుగాల గద్వాల దవాఖానల కన్ను మూసింది. మా ఆయన అన్న భార్య ఆమె. మానవపాడు దిక్కు మా ఊర్ల ఇన్నేండ్లు పక్కపక్క షెడ్లల్ల పట్టుపురుగులు పెంచినం. ఆమె మంచితనం రాస్త గానీ, ముందుగాల ఒకటి ఒప్పుకోవాలె. ఆమెను చూస్తే నాకు కడుపుమంట.

ఎందుకుండదు? ఇద్దరం ఒక్క ట్రైనింగుకే పోయినం. నేను ఫోన్ చూసుకుంట కూసున్న, ఆమె అంతా బుర్రకెక్కించుకొని వచ్చింది. "చెల్లె, పురుగు కడుపుల సన్నటి పొర ఉంటదట. తిన్న ఆకు ఆ పొర లోపట్నే అరుగుతది. రోగం పేగుకు అంటకుండ అదే అడ్డముంటది. అది గట్టిగుండాలంటే మనం మంచి ఆకు వెయ్యాలె" అనేది. ఇది వినెతందుకు వనపర్తి నుంచి గూడ రైతులు వచ్చేటోళ్లు. నా షెడ్డు దాటుకొనే పోయేటోళ్లు.

నిరుడు వానలల్ల ఆమె కంటే ముందు నా పట్టుగూళ్లు మార్కెట్‌కు పోవాలని తొందరపడ్డ. తడి ఆకు ఆరబెట్టకుండనే వేసిన. రెండు రోజులల్ల పురుగులు కడుపు పారి, మెత్తబడి, అన్నీ సచ్చినయి. ఆమెవి మాత్రం వేలు లావున్నయి. బయట బ్లీచింగ్ నీళ్లల్ల కాళ్లు కడగంది ఆమె ఎవ్వరిని లోపటికి రానియ్యదు. ఆమె మల్బరీ తోటకు పోయిన యాళ్ల చూసి, సచ్చిన పురుగులు తొక్కిన కాళ్లతోనే లోపటికి పోయిన. మర్శిపోయి కాదు.

నాలుగైదు సచ్చినయి, అంతే. వాటి కడుపులు గూడ ఆమె మాటే విన్నయని ఇంకింత కుళ్ళుకున్న.

మట్టి చేసిన తెల్లారి మా బావ, ఆమె పెనిమిటి, వచ్చిండు. "అమ్మా, పురుగులు ఆకలితోటి ఉన్నయి. జర ఆకు వెయ్యి. దవాఖానల ఆమె నిన్నే పిలవమన్నది."

"నన్నెట్ల నమ్మింది బావా?"

ఆయన నా మొకం చూడలే. "ఆ రోజు లోపట నీ కాలిజాడలు చూసింది. సున్నం పొడి చల్లుకుంట, పాడైనవి ఏరుకుంట మూడు రోజులు ఆడ్నే ఉన్నది. పంట పోయి చెల్లె బాధల ఉన్నది, ఏమనకు అన్నది నాతోని."

అంత మనసు ఆమెకే ఎందుకు ఇచ్చిండు దేవుడని మళ్ల కుళ్ళే వచ్చింది నాకు. ఏడ్పు గూడ వచ్చింది.

కోసి పెట్టిన ఆకు తీసుకపోయి పరిచిన. పురుగులు తలలెత్తి, ఒక్కొక్కటే ఆకు మీదికెక్కి తినబట్టినయి. ఎవరి చెయ్యి అని అవి అడగలే.