చెప్పుల దుకాణంలో ఒకటే బల్ల

ఈ రోజు మా చెప్పుల దుకాణంలో టీవీ పెడితే పాత సినిమా వస్తోంది. అందులో దొర గడీ ముందు నుంచి పోతూ ఒకాయన చెప్పులు విప్పి చేత పట్టుకుంటాడు. బల్ల నిండా కూర్చున్న నస్రుల్లాబాద్ పటేల్ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"గింత అన్యాయమా సేటూ!"

అప్పుడే ఆయన పొలంలో నాట్లేసే సాయవ్వ వచ్చింది. కూర్చోమన్నాను. పటేల్ కదల్లేదు. సాయవ్వ ఒంటికాలి మీద నిలబడి కొత్త చెప్పు తొడుక్కోబోయి తూలింది.

"పటేలా, టీవీల ఆయన కోసం ఏడుస్తున్నవ్ గదా, జర జరుగు. గీడ నేను పడేటట్టున్న!"

పటేల్ మూతి ముడుచుకుని జరిగాడు. సినిమా అయ్యేదాకా ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చూశారు. తర్వాత బస్సు టైమైందంటూ చెప్పులు కొనకుండానే ఇద్దరూ వెళ్లిపోయారు.

సమానత్వం వచ్చింది, బేరం పోయింది. రేపు టీవీలో ఏం పెట్టమంటారు?