డేవిడన్న ఎర్ర గీత

దయ్యాలంటే నాకు ఏ కోశానా నమ్మకం లేదు. ఎర్రగుంట్ల పక్కన మా చేనికి ఆనుకునే చర్చి సమాధులు ఉండేవి. శనక్కాయలు పెరికే రోజుల్లో ఆ సమాధుల మీదే కూర్చుని సద్ది తిన్నవాళ్ళం. ఇప్పుడు చెప్పబోయేది పట్టపగలు, జనం మధ్యన జరిగింది. తలుచుకుంటే భయం మాట అటుంచి ఒళ్ళు మండుతుంది.

డేవిడన్న మా పెద్దమ్మకు ఒక్కగానొక్క కొడుకు. స్టేషన్ రోడ్డులో ఒక శెట్టిగారి నెట్ సెంటర్ చూసుకునేవాడు. అందరూ వాడే బ్రౌజరు కాదని, నక్క బొమ్మ ఉండే కొత్త బ్రౌజరు తెచ్చి అన్ని సిస్టమ్‌లలోనూ వేశాడు. దానికి యాడ్-ఆన్‌లని చిన్న చిన్న ప్రోగ్రాములు తగిలించుకోవచ్చు. వాటిలో అన్నకు ప్రాణం మౌస్ గెశ్చర్స్. మౌస్ కుడి బటన్ నొక్కిపట్టి ఎడమకు గీస్తే పేజీ వెనక్కి పోతుంది. కిందికి గీసి కుడికి తిప్పితే ట్యాబ్ మూసుకుంటుంది. గీసినంత మేరా తెర మీద ఎర్ర గీత పడుతుంది.

"బటన్ల కాడికి పరిగెత్తేది ఎందుకు పాపా? చెయ్యి ఉన్నచోటే ఉంటాది, పేజీలు పోతాంటాయి" అనేవాడు. చిన్నప్పుడు విరిగిన మణికట్టు వంకరగా అతుక్కోవడంతో అతని గీత చివర్లో కొంచెం కిందికి వాలేది.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఆన్‌లైన్‌లోకి మారిన కొత్త. కాలేజీల ఆప్షన్లు ఎలా పెట్టాలో నాకు ముందుగానే నేర్పింది అన్నే. "నువ్వు కర్నూల్లో సీటు కొట్టాల. నేను పక్కనుండి పెట్టిస్తా" అన్నాడు. ఆ రోజు రాకముందే సిమెంటు లారీ అతని బండిని గుద్దింది. ఆసుపత్రి దాకా కూడా బతకలేదు.

అన్న పోయాక శెట్టిగారు యాడ్-ఆన్‌లన్నీ తీయించేశాడు. చెయ్యి కదిలిస్తే పేజీలు పోతున్నాయని వచ్చినవాళ్ళ గోల.

ముందు రోజుల్లో సైట్ తెరుచుకోక, ఆప్షన్లకు ఆఖరి రోజు మధ్యాహ్నం నెట్ సెంటర్‌కు వెళ్ళాను. అన్న కూర్చునే మూల సిస్టమ్ ఒక్కటే ఖాళీగా ఉంది. కాలేజీలన్నీ వరుసగా ఎంచుకుని సేవ్ నొక్కబోతుంటే కుడి నుంచి ఎడమకు ఎర్ర గీత పడింది. పేజీ వెనక్కి పోయింది. ఎంచుకున్నవన్నీ పోయాయి.

నా వేలే తగిలిందనుకుని మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే. యాడ్-ఆన్‌ల జాబితా తెరిచి చూస్తే ఖాళీ. ఈసారి మౌస్ ముట్టుకోకుండా కీబోర్డుతోనే సేవ్ దాకా వచ్చాను. ఎవరూ పట్టుకోని మౌస్ బాణం తెర మీద తనంతట తానే కదిలింది. గీత పడింది. చివర్లో కిందికి వాలింది.

"ఏం పాపా, ఎంతసేపు? బయట జనాలు నిలబడుకోనుండారు" అంటూ శెట్టిగారు వచ్చాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర చూపించాను. ఆయన కళ్ళెదుటే గీత పడింది, పేజీ పోయింది. ఆయన చటుక్కున వంగి మౌస్ తీగ పీకేసి, "వైరస్సు. లెయ్, లెయ్" అన్నాడు.

"అన్నా, చాలించు! నేను చదువుకోవద్దా?" అని అరిచాను. పక్క క్యాబిన్లవాళ్ళు కర్టెన్లు తొలగించి చూశారు. ఇంకో సిస్టమ్ ఖాళీ అయ్యేసరికి గడువు అయిపోయింది.

సీటు పోయింది. ప్రొద్దుటూరులో డిగ్రీలో చేరాను. చుట్టాలందరిదీ ఒకటే మాట: "మీ అన్న నిన్ను ఏదో గండం నుంచి తప్పించినాడు." పాస్టరుగారు దేవుని చిత్తం అన్నారు. ఏ గండం? నేను మొదట పెట్టిన కాలేజీలోనే నా స్నేహితురాలు చేరింది. బస్సు బోల్తా పడలేదు, కప్పు కూలలేదు. శుభ్రంగా చదువుకుని ఉద్యోగం చేసుకుంటోంది. శెట్టిగారినైనా చూసింది చెప్పమంటే, "నేనేం చూసినా? నేనేమీ చూడలేదమ్మా" అని తల తిప్పుకున్నాడు. కళ్ళారా చూసి ఆడిన ఆ అబద్ధాన్ని ఇప్పటికీ క్షమించలేను.

ఆ వారంలోనే సంగతి పెద్దమ్మకు తెలిసింది. సీటు గురించి ఒక్క మాట అడగలేదు.

"ఆడికొస్తే నాకూ కనపడతాడా పాపా?" అంది.

మరుసటి రోజు, ఆదివారాలు చర్చికి కట్టే చీర కట్టుకుని నా వెంట వచ్చింది. మౌస్ అంటే ఏమిటో తెలియని మనిషి. నేను తీగ మళ్ళీ తగిలించి, ఏవో పేజీలు తెరిచి పెట్టాను. ఆ మూల కుర్చీలో రెప్ప వేయకుండా కూర్చుంది. కాసేపటికి తెరకు దగ్గరగా వంగి, "నాయనా, నేను వచ్చినా రా. మీ అమ్మను" అంది.

పొద్దు వాలేదాకా బాణం కదల్లేదు.

కంప్యూటర్లు తెలిసినవాళ్ళను ఎందరినో అడిగాను. ఎవరి జవాబుతోనూ నాకు కుదురు చిక్కలేదు. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సీటు సంగతి ఎప్పుడో వదిలేశాను. కానీ వచ్చింది అన్నే అయితే, నా పని చెడగొట్టడానికి అన్నిసార్లు వచ్చినవాడు, కన్నతల్లి అంతసేపు కూర్చుంటే ఒక్క గీత గీయలేకపోయాడా?