మా డ్రాయింగ్ సారు నోరు

మా డ్రాయింగ్ సారు పోయారన్న కబురు పొద్దున్నే మా స్కూలు పాతవాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చూశాను. ఒకడు దండం పెట్టే చేతులు పెట్టాడు. ఇంకొకామె "చిరునవ్వుతో చదువు చెప్పిన మహనీయుడు" అని రాసింది. నా పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి. చిరునవ్వా! ఆ మనిషి నవ్వగా చూసినవాళ్లు మా బొగ్గు బాయిలవాళ్ల సెంటినరీ కాలనీ మొత్తంలో ఒక్కరుంటే నా ముందుకు రావాలి. చచ్చిపోయాడు కదా అని మనిషినే మార్చేస్తారా?

ఆయన నోరు మంచిది కాదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. చెట్టు గీస్తే "గిది చెట్టా, చీపురా?" అనేవారు. మా క్లాసు పిల్ల ఒకతి వాళ్ల అవ్వ బొమ్మ గీసి మురిసిపోతూ చూపిస్తే, "మీ అవ్వ బతికే ఉన్నదా? దీన్ని సూస్తె పోతది" అన్నారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక రబ్బరు ఉండేది. ఎవరి బొమ్మనైనా సరే, అడగకుండా చెరిపేసేవారు. హాజరు పిలిచేటప్పుడు మా ముఖాలు కాదు, గోళ్లు చూసేవారు. గోళ్లలో రంగు లేకపోతే "నిన్నంత ఏం పీకినవ్?" అని అడిగేవారు.

నా సంగతి కొంచెం వేరు. నేను ఆరో తరగతిలో ఉండగా బొగ్గు బాయిలో కప్పు కూలి మా నాయిన పోయాడు. కర్రతో ఆ కప్పును కొట్టి చూడటమే నాయిన పని. గట్టిగా మోగితే మనుషులు పనిలోకి దిగొచ్చు, డొల్లగా మోగితే వెనక్కి పంపాలి. ఆయన పోయాక ఉద్యోగం అమ్మకు వచ్చింది. నాకు కాలనీవాళ్ల జాలి వచ్చింది. జాలి తియ్యగా ఉంటుంది, ఒకసారి మరిగితే వదలదు. ఏ బొమ్మల పోటీ పెట్టినా ఫస్టు ప్రైజు నాదే. నేను గీసేదీ ఒకటే బొమ్మ: గోడ మీది ఫొటోలో ఉన్న నాయిన, తెల్ల చొక్కా, మెడలో దండ. చూసినవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. అట్లా మా ఇంటికి చాలా స్టీలు గ్లాసులు వచ్చాయి.

ఎనిమిదో తరగతిలో డ్రాయింగ్ సారు చేతికి చిక్కాను. మొదటి రోజే నా బొమ్మను ఎత్తి క్లాసంతటికీ చూపించారు.

"దీనికి మస్తు ప్రైజులొచ్చినయట గద?"

"అవున్సార్."

"బొమ్మకు రాలే. మీ నాయిన సచ్చిండని వచ్చినయ్."

ఇంటికి పోయి చెబితే అమ్మ చెప్పు చేతిలో పట్టుకుని బయలుదేరింది. పక్క క్వార్టరు పెద్దమ్మ అడ్డం పడింది. "గాయనతోని ఏం పెట్టుకుంటవ్ చెల్లె? గాయన నోరు మురికి మోరీ. మూతలేదు దానికి" అని లోపలికి లాక్కొచ్చింది.

ఆ ఏడే మమ్మల్ని హైదరాబాదు మ్యూజియంకు తీసుకెళ్లారు. రామగుండం స్టేషన్‌లో పులిహోర డబ్బాలతో నిలబడ్డ మాతో ఆయన చెప్పింది ఒక్కటే. "ఆడ ఏం సూసినవ్ అంటె 'మంచిగున్నది సార్' అన్నోన్ని ఆన్నే విడిచిపెట్టొస్త. మీ అవ్వయ్యలకు నేనే జెప్పుకుంట."

మ్యూజియంలో మొదటి హాల్లోనే నిలువెత్తు పాలరాతి బొమ్మ ఉంది, ఏ దేశపు రాణిదో. మాలో ఒకడు వేలి కణుపుతో దాన్ని టక్కున కొట్టి చెవి ఆనించాడు. కాలనీ పిల్లలందరికీ ఉన్న రోగం అది. నాయినలు బాయిలో కప్పును కొడతారు, మేము పుచ్చకాయను, కుండను, కొత్త గోడను కొడతాము. "గట్టిగనే ఉన్నదిరా" అన్నాడు వాడు. అంతే, ఒకరి వెనక ఒకరం అందరం కొట్టాము. నా వంతు చివరిది. సరిగ్గా నేను కొడుతుంటే గార్డు ఈల ఊదుతూ ఉరికొచ్చాడు.

"ఏ ఊరమ్మా మీది? ముట్టుకోవద్దని రాసింది కనబడట్లేదా?"

సారు గార్డు వైపు చూడనే లేదు. నన్నే చూశారు.

"మీ నాయిన గూడ కొట్టే సూసిండు గద. గట్టిగనే మోగింది గద. ఏమైంది?"

ఆ మాటను నేను ఇప్పటికీ మాఫీ చేయలేదు. పదమూడేళ్ల పిల్లతో అనే మాటేనా అది? ఇవాళ నా స్కూల్లో ఏ టీచరైనా అంటే జుట్టు పట్టుకుంటాను. ఆయన పోయారని ఈ లెక్క మారదు.

ఏడుస్తూ పక్క గదిలోకి ఉరికాను. సారు వెనకే వచ్చారు, ఊరుకోబెట్టడానికేమీ కాదు. భుజం పట్టి బెంచీ మీద కూలేశారు. "ఎదురుంగ సూడు" అన్నారు. ఎదురుగా తలపాగా కట్టుకున్న ఒక ముసలాయన బొమ్మ ఉంది. కళ్లకు సుర్మా పెట్టుకున్నాడు. కింది రెప్ప అంచున సన్నటి నల్లగీత.

దాన్ని చూస్తూ ఉంటే నా ఏడుపు ఆగిపోయింది. నాయిన డ్యూటీ నుంచి వచ్చి ఎంత సబ్బు పెట్టి తోముకున్నా రెప్పల అంచున బొగ్గు పోయేది కాదు. "మా ఇంట్ల కాటుక పెట్టుకునేటోళ్లం ముగ్గురం" అని అమ్మ ఆటపట్టించేది. నేను గీసిన ఏ బొమ్మలోనూ ఆ గీత లేదు. ఫొటో స్టూడియోవాడు దాన్ని తుడిచేశాడు. వాడు తుడిచేసిన ముఖాన్నే గీసి గీసి నేను నాయిన అసలు ముఖాన్ని సగం పోగొట్టుకున్నాను. పోయిందన్న సంగతి కూడా ఆ బెంచీ మీదనే తెలిసింది. భయమేసింది.

"మా నాయిన కండ్లు గిట్లనే ఉంటుండె సార్."

"మరి గీయవైతివి?" అని పెన్సిలు, కాగితం నా ఒళ్లో పడేసి వెళ్లిపోయారు.

మిగతా పిల్లలు అన్ని గదులూ తిరిగారు. నేను ఆ ఒక్క బొమ్మ ముందే కూర్చుని నాయినను గీశాను. సారు వచ్చి కాగితం తీసుకుని చాలాసేపు చూశారు. చెయ్యి జేబు దాకా వెళ్లింది కానీ రబ్బరు బయటికి రాలేదు. "చెవులు తప్పు" అన్నారు. ఆయన దగ్గర నేను అందుకున్న మెచ్చుకోలు అదే. ఆ ఏడు నాకు ప్రైజు రాలేదు. ఇవ్వొద్దని పట్టుబట్టింది ఆయనేనట. ఆ బొమ్మ ఇప్పటికీ మా ఇంట్లో ఫొటో పక్కనే ఉంది. అమ్మ దండ ఫొటోకు వేస్తుంది, మాట్లాడేది మాత్రం బొమ్మతోనే.

ఇప్పుడు నేనూ గోదావరిఖనిలో డ్రాయింగ్ టీచరునే. ఏటా పిల్లల్ని అదే మ్యూజియంకు తీసుకెళతాను. వేళ్లతో కొట్టొద్దని రైలెక్కకముందే చెబుతాను. అయినా ఎవడో ఒకడు కొడతాడు.

సంతాప సభకు కమ్యూనిటీ హాలు నిండిపోయింది. వేదిక మీద పెద్ద ఫ్లెక్సీ. ఫోనులో ఏదో యాప్ పెట్టి సారును నవ్వించారు. బతికున్నప్పుడు ముందటి పళ్లు రెండు లేవు ఆయనకు, ఫ్లెక్సీలో అన్నీ తళతళలాడుతున్నాయి. నేనూ ఒక బొమ్మ గీసి తీసుకెళ్లాను, మా బాయి బొగ్గుతోనే. బిగబట్టిన మూతి, కనుబొమల నడుమ గుంట, ఇప్పుడే ఎవరినో తిట్టబోతున్న ముఖం. ఫ్లెక్సీ పెట్టించిన మా స్కూలు జూనియర్ ఒకడు అది చూసి అదిరిపడ్డాడు.

"ఏందక్కా గిది, సావు కాడ గూడ పగనా? అమ్మగారు సూస్తె పానం పోతది" అని బల్ల కింద దాచేశాడు.

ఆ అమ్మగారు, అంటే సారు భార్య, మెల్లగా వచ్చింది. ఆమె కూడా బాయిలో పనిచేసినవాడి కూతురే. ఫ్లెక్సీ ముందు నిలబడి పైకీ కిందికీ చూసింది.

"ఎవలు బిడ్డా గీయన?"

ఆమె వేలి కణుపుతో ఫ్లెక్సీని కొట్టింది. వెనక ఏముంది, గాలి. టపటపమన్నది.

"డొల్ల" అంది.

నేను ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల కింది నుంచి నా బొమ్మ తీసి ఒళ్లో పెట్టాను. కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసింది. ఇక ఏడుస్తుందని అందరం కాచుకుని ఉన్నాము. ఆమె కుడిచెయ్యి ఎత్తి ఆ మూతి మీద అడ్డంగా అదిమిపెట్టింది.

"ఇన్నేండ్లు ఇన్న నీ మాటలు. ఇగనన్న నోరు మూస్కో."

ప్రసంగాలన్నీ అయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు. తీసేసరికి బొమ్మలో మూతి లేదు, ఆమె అరచేతిలో నల్లగా ఉంది. భోజనాల దగ్గర అందరూ చేతులు కడుక్కోవడానికి లైను కట్టారు. ఆమె మాత్రం చెంచా అడిగి తెప్పించుకుని, కుడి పిడికిలి ఒళ్లో మూసిపెట్టుకుని, ఎడమ చేత్తో అన్నం తిన్నది.