అదే మందు, వేరే కంపెనీ

ఆ నెల మెడికల్ షాపతను ఇచ్చిన మాత్రలు గులాబీరంగువి. నావి తెల్లవి. డిప్రెషన్‌కి రెండేళ్లుగా మింగుతున్నదాన్ని, నా మాత్ర నాకు తెలియదా?

"ఇవి కాదన్నా నావి," అన్నాను.

"అదే మందు మా, కంపెనీ వేరే. పాతది స్టాకు లేదు," అంటూ నా వెనకున్న మనిషి చీటీ అందుకున్నాడు.

బంగారుపాళ్యంలో అందరూ తెలిసినవాళ్లే. ఆ మందు దేనికో నలుగురికీ వినబడేలా తగవు పెట్టుకోవడం ఇష్టంలేక, మూతి ముడుచుకుని ఇంటికి వచ్చేశాను.

కొన్నాళ్లు బాగానే ఉన్నాను. ఆ తర్వాత కళ్లు పక్కకి తిప్పినప్పుడల్లా తలలో సన్నగా కరెంటు కొట్టినట్టయ్యేది. సరేలెమ్మని ఓర్చుకున్నాను. ఒకరోజు పొద్దున మా ఆయన టీ తాగుతున్నాడు. అదే బనియను, గడ్డం కింద అదే పుట్టుమచ్చ, అదే జుర్రుమనే చప్పుడు. అయినా ఆయన మా ఆయన కాదనిపించింది. ఎవరో అచ్చం ఆయనలాగే తయారుచేసి, తెచ్చి మా ఇంట్లో కూర్చోబెట్టారు. అదే మనిషి, వేరే కంపెనీ. నవ్వు రావలసింది, ఒళ్లు చల్లబడింది.

"ఏందే అట్ల సూస్తావు?" అన్నాడు. గొంతు కూడా బాగా కుదిర్చారు.

ఎవరికని చెప్పను? రెండేళ్ల కిందట జబ్బు ముదిరినప్పుడు మా పాపను మా అత్త చిత్తూరుకు తీసుకుపోయి, నాకు నయమయ్యాకే తెచ్చి వదిలింది. "మళ్లా ఇట్లయితే పిల్లను నీకాడ ఇడిసేది లేదు," అని తెగేసి చెప్పింది కూడా. అందుకని నోరు మూసుకున్నాను. పాప ముఖంలోకి చూడటం మాత్రం మానేశాను. అది కూడా వేరేగా కనబడితే నేను తట్టుకోలేను తల్లీ! అన్నం పెట్టేదాన్ని, నీళ్లు పోసేదాన్ని, ముఖం చూసేదాన్ని కాదు.

ఆరేళ్ల పిల్లకి తెలియకుండా ఉంటుందా? ఒక సాయంత్రం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాసన ఇంట్లోకి కొడుతుంటే కిటికీలు మూస్తున్నాను. పాప మా ఆయన చొక్కా పట్టుకుని అడిగింది.

"నాయనా, మా అమ్మ ఎప్పుడొస్తాది?"

"అదో, ఆడుండాది గదా మీ అమ్మ."

పాప నన్ను ఎగాదిగా చూసి, తల అడ్డంగా ఊపింది. "ఆ యమ్మ కాదు."

అప్పుడు భయం వేసింది చూడండి, అలాంటి భయం పగవాళ్లకి కూడా వద్దు. మా ఆయనకి అంతా చెప్పేశాను. మర్నాడే తిరుపతిలో మా డాక్టరు దగ్గరికి వెళ్లాం. మందు ఒకటే అయినా కంపెనీ మారితే కొందరికి తేడా చేస్తుందని, వేరే కారణమూ ఉండొచ్చని, సొంతంగా మాత్రం ఆపొద్దని చెప్పి, పాత కంపెనీ పేరే చీటీ మీద రాసిచ్చాడు.

మెల్లగా ఇల్లు నాదైంది. మా ఆయన టీ జుర్రుతుంటే మునుపటిలాగే ఒళ్లు మండింది. అమ్మయ్య అనుకున్నాను. పాప ముఖాన్ని తనివితీరా చూసుకున్నాను.

ఒకరోజు జడ వేస్తుంటే పాప అడిగింది. "మా, ఆ యమ్మ ఇంక రాదా?"

"ఏ యమ్మే?"

"నువ్వు లేనప్పుడు ఉండిందే, ఆ యమ్మ."

"రాదులే. పీడా పోయింది," అని నవ్వాను.

"అట్లనొద్దు మా. పొయ్యేటప్పుడు నా పక్కన కూసోని శానాసేపు ఏడ్సింది. మీ అమ్మొస్తాది, భయపడొద్దు అని సెప్పి పొయ్యింది."

నేను ఏ రోజూ పాప పక్కన కూర్చుని ఏడవలేదు. ఆ మాట పాపతో చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.