విమానం ఒంటిని రాసుకుపోయే గాలి

మేష్టారు పోయారని మొన్న పొద్దున షాపు తీస్తుంటే ఎదురు టీకొట్టతను చెప్పాడు. కాసేపు షట్టరు ఎత్తబుద్ధి కాలేదు. ఆయన చీరాల కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. మిరప రైతుల స్ప్రేయర్లు, నీటి మోటార్లు బాగుచేసుకునేవాణ్ణి. అయినా నాకూ ఆయన మేష్టారే.

రిటైరయ్యాక పెరట్లో ఒక్క మనిషి పట్టే చిన్న విమానం కట్టారు. సీటు వెనక ఇంజను బిగించింది నేను. సాయంత్రాలు టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "కారణం దొరక్కముందు మనిషిని అనకూడదయ్యా" అనేవారు. క్లాసులో పిల్లలకి చెప్పిన మాటేనట.

ఎగరడానికి అనుమతి లేదు. వాడరేవు సముద్రపొడ్డున ఇసుక మీద పరుగు తీయించి చూద్దామనుకున్నాం. జనం పోగయ్యారు. కాస్త దూరం పోగానే ఇంజను వేడెక్కి, మాడు వాసన కొట్టి ఆగిపోయింది. మేష్టారు దిగివచ్చి, "నీ చేతకాని పని వల్లే ఇదంతా" అన్నారు, అందరూ వింటుండగా. నేను తల దించుకున్నాను. కొందరు రైతులు నా షాపుకి రావడం మానేశారు.

కొన్నాళ్లకి ఆయన ఒక ఉదయం షాపు గుమ్మంలో నిలబడ్డారు. లోపల పనిమీద వచ్చిన రైతులున్నారు. అందరి ముందూ నిదానంగా చెప్పుకొచ్చారు. విమానం ఒంటినిండా నూలుపోగులు అంటించి, జీపుకి కట్టి లాగించారట. విమానం ఒంటి రేకు మీది పోగులు నీరసంగా సుడి తిరిగాయి. రేకుకి బెత్తెడు ఎడంగా పుల్లకి కట్టినవి మాత్రం తిన్నగా సాగాయి. ఇంజనుని చల్లబరిచే గాలి తీసుకునే తూము రేకుని ఆనుకునే ఉంది. ఒంటిని రాసుకుంటూ వచ్చే గాలి అక్కడికి చేరేసరికి మందగించిపోతోంది. లోపలికి పోయేది చాలడం లేదు.

"తూము అక్కడ పెట్టమన్నది నేనయ్యా. నీ పనిలో లోపం లేదు. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే చెబుతున్నాను" అని చేతులు జోడించారు.

మా నాన్న వయసు మనిషి. ఆ రోజు ఇసుకలో పడ్డ సిగ్గు కంటే ఇది బరువుగా తోచింది. ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశాను.

తూముని రేకుకి ఎడంగా జరిపి బిగించాను. ఆ పై పరుగులో ఇంజను వేడెక్కలేదు. జనం చప్పట్లు కొట్టారు. మేష్టారు మాత్రం నవ్వలేదు.

అప్పటినుంచీ నా షాపు దగ్గరికి రాగానే, పెద్దల ఎదుట దిగినట్టు, ఆయన సైకిలు దిగేవారు. వద్దండీ, నాకు తలకొట్టేసినట్టుంటుంది అని ఒకసారి బతిమాలాను.

"నీకోసం కాదయ్యా, నాకోసం దిగుతున్నా" అన్నారు.

ఎండైనా వానైనా అంతే. సైకిలు నడిపించుకుంటూ, తల వంచుకుని మెల్లగా షాపు దాటేవారు. అవతలి మలుపు దగ్గర పంచె సర్దుకుని మళ్లీ ఎక్కేవారు.